కేకు మీద సున్నా

పొద్దున్నే మోడల్ పని ముగించాలి, మధ్యాహ్నం సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకోవాలి, సాయంత్రం మొగుణ్ణీ కూతుర్నీ వెంటబెట్టుకుని రైలెక్కాలి. స్ఫటికమ్మ ఆ రోజుకు వేసుకున్న పథకం ఇంతే. పిల్లది పుట్టి ఇన్నేళ్ళయినా సముద్రం చూడలేదు. ఇప్పటికే రెండుసార్లు టిక్కెట్లు కొని రద్దు చేసుకున్నారు.

"ఈసారి నువ్వు రాకపోతే నేనూ నాన్నా వెళ్ళిపోతాం. నీకు ఫోటో పంపిస్తాంలే," అంది కూతురు గుమ్మంలో నిలబడి. ఆ మాట బస్సు దిగేదాకా స్ఫటికమ్మకు గుచ్చుకుంటూనే ఉంది.

స్ఫటికమ్మ అన్నది తోటివాళ్ళు పెట్టిన పేరు. ప్రోటీన్లను స్ఫటికాలుగా పెంచి, వాటి మీదికి ఎక్స్‌రేలు పంపి, వచ్చిన మచ్చల ఆధారంగా ఆ ప్రోటీన్ ఆకారానికి కంప్యూటర్లో పరమాణువు పరమాణువుగా మోడల్ కట్టడం ఆమె పని. కట్టినదంతా అయ్యాక "పరీక్ష" మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆడపడుచు అవతారమెత్తుతుంది. ఇక్కడ మెలిక బాగాలేదు, అక్కడ రెండు పరమాణువులు తోసుకుంటున్నాయి అంటూ తప్పున్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెడుతుంది. ఎంత బాగా కట్టినా నాలుగు చుక్కలు మిగలడం మామూలే. కానీ ప్రయోగశాల పెద్దాయనకు ఆ మామూలు నచ్చదు.

"ఎదురు భవనం ప్రయోగశాల వాళ్ళు పోయినవారం సున్నా తప్పులతో మోడల్ని ప్రచురణకు పంపారట. మనకూ సున్నా వచ్చాకే నీకు సెలవు," అని ముందురోజే తేల్చేశాడు.

తీరా ఇప్పుడు మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ కాసేపు ఆలోచించి, తనంతట తానే మూసుకుపోయింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసుకుపోయింది. ఇక లాభం లేదని కంప్యూటర్లు చూసే స్వామికి కబురంపింది.

"ఆపి మళ్ళీ వేశారా మేడమ్?" అన్నాడు స్వామి వస్తూనే. ఆయనకు తెలిసిన మంత్రం అదొక్కటే.

"వేసీ వేసీ వేళ్ళు నొప్పెడుతున్నాయి స్వామీ. నాకు సాయంత్రం రైలుంది."

"మీరు కాఫీ తాగి రండి. నేను చూసుకుంటా."

కాఫీ తాగి వచ్చేసరికి స్వామి చేతులు దులుపుకుంటూ, "కొత్త సెట్టింగు పెట్టాను మేడమ్," అన్నాడు. స్ఫటికమ్మ మీట నొక్కింది. జాబితా ఖాళీ. ఎర్ర చుక్క మందుకైనా లేదు. అడుగున పెద్దగా సున్నా. ఇంట్లో నలుగురుంటేనే ఏదో ఒక పేచీ ఉంటుంది, వేల పరమాణువులున్నచోట ఒక్కటీ లేకపోవడమేమిటని అనుమానించాల్సిందే. కానీ ఆమె చెవుల్లో అప్పటికే అలల హోరు మొదలైంది.

పెద్దాయన వచ్చి చూశాడు. "శభాష్ అమ్మాయ్!" అని నిలబడినచోటే సెలవు చీటీ మీద సంతకం గిలికాడు. పెద్ద సున్నా వేయించి కేకు తెప్పించమన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఎదురు భవనం పెద్దకు ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం మా హాలుకు దయచేయండి. మా సున్నా తెర మీద చూపిస్తాం. ఊరికే కాదు, కేకు కూడా ఉంది!"

ఈలోగా తోటివాళ్ళంతా స్వామి మీద పడ్డారు. "మాకూ అదే పెట్టు!" స్వామి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏ గదిలో పెడితే ఆ గదిలో సున్నా. నడవా అంతా సంబరం. ఆ సంబరంలో సగందొర పరుగెత్తుకొచ్చాడు. ఏ పనీ సగం దాటి చేయడు కాబట్టి ఆయనకా పేరు.

"నాకూ సున్నాయే!" అన్నాడు.

"మీ మోడల్ ఇంకా సగమే కట్టారు కదండీ?"

"అదే కదా విచిత్రం! సగానికే సున్నా వచ్చింది. ఇక మిగతా సగం ఎందుకు?"

స్ఫటికమ్మకు అనుమానం వచ్చింది. తన గదిలోకి వెళ్ళి, నీటుగా ఉన్న మోడల్ని నడిమికి విరిచింది. నాలుగు పరమాణువుల్ని ఒకేచోట కుక్కింది. మీట నొక్కింది. సున్నా! అప్పుడు తెర మీద పరీక్ష పెట్టె మూలనున్న ఫైలు పేరు చూసింది. అది ప్రోటీన్ ఫైలు కాదు, నీళ్ళ ఫైలు.

ప్రోటీన్‌కు అక్కడక్కడ అంటుకునుండే నీటిని అక్కడ అందరూ వేరే ఫైల్లో పెట్టుకుని, అన్నిటికన్నా ఆఖర్న తెరుస్తారు. స్వామి పెట్టిన సెట్టింగేమో ఆఖర్న తెరిచిన ఫైలునే పరీక్షిస్తోంది. పొద్దుటి నుంచీ భవనమంతా పరీక్షించింది వట్టి నీళ్ళను. నీళ్ళకు మెలికలా, వెన్నెముకా? తప్పు పట్టడం ఎవరితరం!

ఇంటికి ఫోన్ చేసింది. "ఏవండీ, సంతకమైతే అయింది కానీ..."

"అయిందా! పాపా, అమ్మ వస్తోందే!" అటునుంచి కేరింతలు. ఫోన్ పెట్టేశారు.

చీటీ చేతిలోనే ఉంది. నోరు మూసుకుంటే సాయంత్రానికి రైల్లో ఉంటుంది. స్ఫటికమ్మ సంచీ భుజాన వేసుకుని మెట్లదాకా వెళ్ళింది కూడా. కానీ నీళ్ళకు వచ్చిన మార్కులు తన పేరు మీద లోకంలోకి వెళ్తాయంటే కాళ్ళు కదల్లేదు. వెనక్కి వచ్చి, విరిచిన మోడల్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, హాలుకు నడిచింది.

హాలు నిండిపోయి ఉంది. ముందు వరుసలో ఎదురు భవనం పెద్ద, ఆయన ముందు కేకు.

"నొక్కమ్మా," అన్నాడు పెద్దాయన.

"సార్... అదీ... ఏంటంటే..." కాసేపు నీళ్ళు నమిలి, చివరికి ఆ నీళ్ళ సంగతే చెప్పేసింది. "ఇది మన ప్రోటీన్‌ని చూడట్లేదు సార్. నీళ్ళను చూస్తోంది." ఫైలు మార్చి మీట నొక్కింది. తెర నిండా తట్టు పోసినట్టు ఎర్ర చుక్కలు.

ఎదురు భవనం పెద్ద పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీళ్ళను పరీక్షించి కేకు తెప్పించారా! అయ్యో, అయ్యో!"

పెద్దాయన ముఖం కందగడ్డయింది. "ఈ దిక్కుమాలిన సెట్టింగు నీకెక్కడ దొరికిందయ్యా?" అని స్వామి మీద విరుచుకుపడ్డాడు.

"నాది కాదు సార్," అన్నాడు స్వామి బిక్కుబిక్కుమంటూ. "వాళ్ళకి సున్నా వచ్చిందన్నారుగా. అందుకని పొద్దున వాళ్ళ భవనం నుంచే తెచ్చి పెట్టాను."

నవ్వు ఠక్కున ఆగింది.

"మీ దగ్గర నీళ్ళ ఫైలు ఎప్పుడు తెరుస్తారండీ?" అని స్ఫటికమ్మ మర్యాదగానే అడిగింది.

"ఆఖర్న," అన్నాడాయన, నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు.

పెద్దాయన కేకును ఎంతో ఆదరంగా అట్టపెట్టెలో పెట్టి ఆయన చేతిలో ఉంచాడు. "ఈ సున్నా మీదేనండీ. పట్టుకెళ్ళండి." తర్వాత తెరకేసి, చీటీకేసి, స్ఫటికమ్మకేసి చూశాడు.

"తిరిగొచ్చాక సరిచేస్తాను సార్. అయినా నాలుగు చుక్కలు మిగుల్తాయి."

"మిగలనీ. సంతకం పెట్టింది నేను, నీళ్ళు కాదు. వెళ్ళు, రైలందుకో!"

మర్నాడు పొద్దున కూతురు తడి ఇసుకలో నిలబడి, అంత సముద్రాన్నీ నోరు తెరుచుకుని చూసింది. "అమ్మా, ఎన్ని నీళ్ళో!"

"అవునమ్మా," అంది స్ఫటికమ్మ. "ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకదు."