విభూతి రంగు బండి

ఆంజనేయస్వామి సన్నిధిలో పార్టీలు లేవని రాజుపాలెం దగ్గరున్న ఆ ఊరి ఆలయ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం మీద ఒక పార్టీ వాళ్లు గుడికి తూర్పు పక్క కూర్చుని సంతకాలు చేశారు. రెండో పార్టీ వాళ్లు పడమటి పక్క కూర్చున్నారు. ఏ పార్టీకీ చెందని మనిషే అధ్యక్షుడు కావాలన్నారు. ఊరంతా వెతికితే అలాంటివాడు యల్లమంద ఒక్కడే తేలాడు.

పన్నెండేళ్లుగా ఆ పదవి కోసం రోజూ ప్రదక్షిణలు చేస్తున్న యల్లమందకు స్వామి కరుణించాడనిపించింది. ఎన్నిక శనివారం. దానికి ముందు సోమవారం నాడు గేదె అడ్డమొచ్చి అతని మోటారుబండి పడింది. ముందు లైటు చుట్టూ ఉండే డూమూ, రెండు పక్కల ప్యానెళ్లూ పగిలిపోయాయి. కొత్తవి తెప్పిస్తే రంగు లేకుండా వచ్చాయి. పేటలో పెయింటరు పది రోజులు ఆగమన్నాడు. సొట్ట బండి మీద అధ్యక్షుడా? యల్లమంద తనే పూనుకున్నాడు.

సర్ఫు నీళ్లతో కడిగాడు, గరుకు వాటర్ పేపరుతో రుద్దాడు, ముక్కుకు తుండు కట్టుకుని బట్టలారేసే తీగకు ప్యానెళ్లు వేలాడదీశాడు. శుభమని పసుపు రంగు కొట్టాడు. అది ఆరకముందే, తూర్పు పార్టీలో తిరిగే పక్కింటి కిరణ్ కుమార్ గోడ మీద నుంచి తొంగి చూశాడు.

"బాబాయ్, అటు పోతున్నట్టు ఒక్క మాట చెప్పుంటే మేమే దండేసి సాగనంపేవాళ్లంగా" అన్నాడు.

యల్లమంద మళ్లీ వాటర్ పేపరు అందుకున్నాడు. పసుపంతా గీకి, కృష్ణుడి రంగు గదా అని నీలం కొట్టాడు. సాయంత్రం పడమటి పార్టీ పెద్ద వెంకట్రామయ్య వచ్చాడు. ఇచ్చిన మజ్జిగ ముట్టలేదు.

"అల్లుడూ, మనసులో ఉన్నది బండి మీదికొచ్చింది. మంచిదేలే" అని లేచిపోయాడు.

మళ్లీ గీకుడు. ఎరుపంటే కొందరు, కాషాయమంటే ఇంకొందరు, ఆకుపచ్చంటే మరికొందరు ఉన్నారని భార్య హనుమాయమ్మ వేళ్లు మడిచి చెప్పింది. దేవుడు ఇన్ని రంగులు చేసి, ఓటు గుట్టుగా వేసుకునేవాడి కోసం ఒక్కటన్నా మిగల్చలేదేమని యల్లమంద బాధపడ్డాడు. శుక్రవారం రాత్రికి మిగిలింది, రంగుకు ముందు అడుగున కొట్టే బూడిదరంగు ప్రైమరొక్కటే. అదే కొట్టి బిగించాడు.

తెల్లారి జనం అడిగితే, కోటప్పకొండ విభూతి రంగన్నాడు, స్వామి కలలో కనిపించి చెప్పాడన్నాడు. కల పేరు మీద అబద్ధం చెప్పడం పాపమా కాదా అన్న సందేహం వచ్చింది గాని, అప్పటికే జనం చెంపలేసుకుంటున్నారు. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

నెల తిరక్కుండా పంచాయతీ ఎన్నికలొచ్చిపడ్డాయి. ఈసారి ఎవరు గెలుస్తారో జ్యోతిష్కులకు కూడా అంతుబట్టలేదు. ఒక మధ్యాహ్నం వెంకట్రామయ్య దొడ్డిదారిన వచ్చి, ట్రాక్టరు బానెట్టుకు కొట్టాలి, ఆ విభూతి రంగు ఒక డబ్బా ఉందా అని మెల్లగా అడిగాడు. ఆయన అటు పోగానే కిరణ్ కుమార్ గోడ దూకి వచ్చి తన బుల్లెట్టుకు రెండు డబ్బాలన్నాడు. పోలింగు దగ్గరపడేసరికి ఊళ్లో సగం బళ్లు భక్తితో బూడిదరంగులో తిరుగుతున్నాయి. సన్నిధిలోనే కాదు, వీధిలోనూ పార్టీలు లేవని యల్లమంద పొంగిపోయాడు.

ఆ పొంగులోనే గుడి ప్రహరీకి రంగులు వేయించాలని కమిటీని పిలిచాడు. ఏ రంగని అడిగారు. అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు కళ్లు మూసుకుని స్వామిని తలుచుకుని, ముందు ప్రైమర్ కొట్టించాలనీ, రంగు సంగతి ఓట్ల లెక్కింపు మర్నాడు తేల్చాలనీ ప్రతిపాదించాడు. తూర్పు పక్క, పడమటి పక్క ఒకేసారి చేతులెత్తారు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే హనుమాయమ్మ దీపంలో వత్తి సరిచేస్తూ అంది.

"ఆయన గోడకి ఏ రంగు కావాలో ఆయన్నే అడగొచ్చుగా."

యల్లమంద పటానికి దణ్ణం పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"అడగొచ్చే. ఆయనకి ఓటు లేదుగా."