ప్లాస్టిక్ బొబ్బ

మా ఆవిడదీ నాదీ ఒకే వృత్తి అని నేను పదిమందిలో అన్నప్పుడల్లా ఆవిడ మొహం చిట్లిస్తుంది. కానీ అందులో అబద్ధం లేదు. నేను మాత్రల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తాను. మాత్ర కూర్చునే ప్లాస్టిక్ గుంట ఉంటుంది చూశారూ, దాన్ని మావాళ్ళు బ్లిస్టర్ అంటారు. మా ఆవిడ కాలిన గాయాల వార్డులో నర్సు. ఒంటి మీద లేచే బొబ్బని అక్కడి డాక్టర్లు కూడా బ్లిస్టర్ అనే అంటారు. ఆ లెక్కన ఇద్దరం బొబ్బల మీద బతికేవాళ్ళమే. తేడా అల్లా, నా బొబ్బలు నోరెత్తవు. ఆవిడ బొబ్బలు బొబ్బలు పెడతాయి.

నా పని కారే అట్టల్ని పట్టుకోవడం. నీలం కలిపిన నీళ్ళ జాడీలో మాత్రల అట్టలు ముంచి, మూత బిగించి, లోపలి గాలి లాగేస్తాను. తీసి చూస్తే రేకు సరిగ్గా అంటని గుంటలో నీలం దిగి ఉంటుంది. ఆ అట్ట చెత్తబుట్టలోకి. పదహారేళ్ళుగా ఇదే. ఎంత సన్నటి సందైనా నా కళ్ళు కప్పి పోలేదని నాకు గొప్ప.

ఒకరోజు సాయంత్రం ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే చెప్పింది.

"ఏమండీ, నన్ను ట్రైనింగుకి ఎంపిక చేశారు. ఆరు నెలలు. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో. తిరిగొచ్చాక వార్డుకి ఇన్‌చార్జి నేనే."

నా గుండె జారి ఎక్కడ పడిందో వెతుక్కునే లోపే నా నోరు జవాబు చెప్పేసింది. "ఇంకేం, భేషుగ్గా వెళ్ళిరా!"

"మనస్ఫూర్తిగానే అంటున్నారా?"

"ఎంత మాట! నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

"చంటిపిల్లాడైతే ఎత్తుకునైనా పోయేదాన్ని. బట్టలెలా ఉతుక్కుంటారు?"

"మిషనుందిగా."

"ఎక్కడుందో చెప్పండి?"

"పెరట్లో."

"మనది మూడో అంతస్తు. పెరడెక్కడిది?"

వద్దు అనొచ్చుగా అని మీరు అడుగుతారు. ఎలా అంటాను? క్యాంటీన్లో ఆడవాళ్ళ ఉద్యోగాల మీద ఉపన్యాసాలు దంచేవాణ్ణి నేను. ఇంట్లో వద్దన్నానని తెలిస్తే మర్నాటి నుంచి నా ఎదురుగా ఎవడూ టీ తాగడు. కనుక వద్దనే మాట నా నోట రాకూడదు, ఆవిడే జాలిపడి ఆగిపోవాలి. జాలికి జబ్బు కావాలి. జ్వరమంటే థర్మామీటరు పెడుతుంది. కడుపునొప్పంటే నొక్కి చూస్తుంది. ఆలోచించి ఆలోచించి, నాకు బాగా తెలిసిన వస్తువునే ఎంచుకున్నాను. బొబ్బ! అది ఆవిడకి నాకంటే బాగా తెలుసన్న సంగతి ఆ క్షణాన నా బుర్రకి తట్టలేదు.

మా అచ్చుమిషను నడిపేవాడికి మేం పెట్టిన పేరు గాలిబుడగ. వాడి మిషనులో ప్లాస్టిక్ షీటు వేడెక్కి మెత్తబడుతుంది, గాలి ఒత్తగానే అచ్చులోకి ఉబ్బి గుంటలు పడతాయి. నా కోసం వాడు పెద్ద మాత్రల అచ్చులోంచి ఒక మంచి గుంట కత్తిరించి ఇచ్చాడు. లోపల రెండు చుక్కలు పల్చటి టీ పోసి, డ్రమ్ముల మీద లేబుళ్ళు అంటించే జిగురుతో నా మడమకి బిగించాడు.

"ఎన్నాళ్ళుంటుంది?" అన్నాను.

"చెమ్మ తగలకపోతే నువ్వున్నన్నాళ్ళూ ఉంటుంది గురూ. చెమ్మ చేరిందా, అంటు వదిలేస్తుంది. గోడకి వేసిన రంగు పొక్కులు లేచేదీ అందుకే. పైన రంగు ఎంత మంచిదైనా అడుగున తడి ఉంటే లాభం లేదు."

నేను వాడి శాస్త్రం వినలేదు. మడమ చూసి మురిసిపోతున్నాను.

కుంటుకుంటూ ఇల్లు చేరాను. మా ఆవిడ కంగారుగా ఎదురొచ్చింది.

"ఏమైందండీ?"

"కొత్త బూట్లు కరిచాయి."

కింద కూర్చుని, నా పాదం ఒళ్ళో పెట్టుకుని, టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆ మొహంలో ఏదో మారింది. జాలి పుట్టిందనుకున్నాను.

"అబ్బో," అంది నెమ్మదిగా. "ఇది మామూలుది కాదు. నడవకూడదు, తడపకూడదు. ఉప్పూ కారం బంద్. కాఫీ కూడా బంద్."

"బొబ్బకీ కాఫీకీ ఏం సంబంధం?"

"మన ఇద్దరిలో నర్సెవరు?"

"నువ్వే."

"మరి మాట్లాడకుండా పడుకోండి."

పడుకున్నాను. రెండు రోజులు చప్పిడి తిండి తిన్నాను. కానీ ప్రయాణం మానుకుంటున్నానన్న మాట మాత్రం ఆవిడ నోట రాలేదు. పైగా అలమరలోంచి పెట్టె దించి దుమ్ము దులిపింది. ఇలా కాదని మా అక్కయ్యకి ఫోను చేశాను. అక్కయ్య బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మా కుటుంబంలో అందరూ చాటుగా విజిలక్కయ్య అంటాం. కాలు కదపలేని మొగుణ్ణి వదిలేసి పెళ్ళాం ఊరు దాటిపోతోందని గొంతు వణికించి చెప్పాను. అక్కయ్య వచ్చి నాలుగు కేకలేస్తే చాలని నా ఎత్తు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా రెండు పెట్టెలతో దిగింది. నేను మంచం మీద కళ్ళు మూసుకుని, కేకల కోసం చెవులు రిక్కించాను. వినిపించింది మా ఆవిడ గొంతు.

"దేవతలా వచ్చారు వదినగారూ! ఈ ఆరు నెలలూ ఈయన్ని ఎవరి చేతుల్లో పెట్టాలా అని నిద్ర పట్టడం లేదు."

అక్కయ్య అరవడానికి తెరిచిన నోరు అలాగే చిరునవ్వుగా మారిపోయిందని తర్వాత తెలిసింది. "నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మాయ్! వీణ్ణి దారిలో పెట్టే పని నాకు చిన్నప్పుడే సగంలో ఆగిపోయింది."

నా సేనాపతి వచ్చిన గంటలోనే శత్రువుతో చేతులు కలిపింది. సాయంత్రం స్నానాల గదికి వెళ్తుంటే వెనక నుంచి కేక.

"ఒరే! ఇందాక ఎడమకాలు కదా కుంటావు?"

చప్పున కాలు మార్చాను.

నాలుగో రోజు నుంచి మడమ దురద మొదలైంది. సాయంత్రానికి మంట. మర్నాటికి నిప్పుల మీద కాలు పెట్టినట్టుంది. డ్రమ్ముల జిగురు డ్రమ్ముల కోసం తయారు చేస్తారు కానీ మనుషుల కోసం కాదని గాలిబుడగ నాకు చెప్పలేదు, నేను అడగలేదు. పీకి పారేద్దామంటే చర్మంతో పాటు వచ్చేలా ఉంది. నిజంగా ఏడుస్తున్నా అక్కయ్య నమ్మదు. "లేచి పది గుంజీలు తియ్, రక్తం ఆడుతుంది" అంటుంది.

మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే పాదం చాపేశాను. "చచ్చిపోతున్నాను, చూడవే."

ఆవిడ చేతులు కడుక్కుని, ట్రే తెచ్చుకుని నేల మీద కూర్చుంది. ఏదో మందు రాసి జిగురు నానబెట్టి, పట్టకారుతో ఆ గుంటని ఊడదీసి ట్రేలో పడేసింది. టక్కుమంది.

"బొబ్బ ఊడితే ఇలా చప్పుడు రాదండీ," అంది తలెత్తకుండా.

నేను గోడ వైపు చూశాను.

"దీని అంచున పదిహేడు అని అంకె ఉంది. మొదటి రోజే చదివాను. మా వార్డులో ఎవరి బొబ్బకీ అచ్చు నంబరు ఉండదు."

"తెలిసీ నాకు చప్పిడి కూడు పెట్టావా?"

"రోగమన్నాక పథ్యం ఉంటుందిగా."

గుంట ఉన్న మేరంతా నిజమైన బొబ్బలు లేచి ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ, ఎర్రటి అంచులతో. ఆవిడ వాటిని చూసి మొహం తిప్పుకోలేదు, విసుక్కోలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పాదం పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని తుడిచింది. ఆ జాగ్రత్త నన్ను మంటకంటే ఎక్కువ బాధ పెట్టింది.

"మా వార్డులో నిజంగా కాలినవాళ్ళున్నారు," అంది. "వెళ్ళొద్దని ఒక్కరూ అనలేదు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తగ్గించే పని నేర్చుకుని రా తల్లీ అన్నారు."

"నేను మాత్రం వద్దన్నానా? భేషుగ్గా వెళ్ళమన్నానుగా!"

"అన్నారు." గుడ్డ మడత పెడుతూ ఆగింది. "మీరలా అన్న రాత్రే, ట్రైనింగుకి రాలేనని ఉత్తరం రాశాను. సోమవారం ఇచ్చేద్దామని సంచిలో పెట్టుకున్నాను."

నాకు అర్థం కాలేదు. "ఎందుకు?"

"ఇంత మనసు పెట్టి వెళ్ళమన్న మనిషిని ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళడమని. మీ మడమ చూశాక చించేశాను."

పక్క గదిలో అక్కయ్య రేడియో పెట్టింది. ఎవరో వాతావరణం గురించి చెబుతున్నారు. పదహారేళ్ళ ఉపన్యాసాల్లోంచి ఒక్క ముక్కా పనికి రాలేదు.

"ఉండిపొమ్మని అడగాల్సింది," అంది కట్టు ముడి వేసి లేస్తూ. "పోట్లాడుకునేవాళ్ళం. అంతేగా."

ఆదివారం పొద్దున వెళ్ళింది. స్టేషనుకి అక్కయ్య వెళ్ళి దిగబెట్టి వచ్చింది. నేను నిజంగానే అడుగు వేయలేకపోయాను. కిటికీలోంచి చూస్తే పెట్టె పట్టుకుని చకచకా నడిచిపోతున్న ఆవిడ వీపు మాత్రమే కనిపించింది.

అప్పటి నుంచి రోజూ ఆరింటికి లేస్తున్నాను. వాషింగ్ మిషను వంటింటి వెనక వసారాలో ఉందని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అక్కయ్య నా చేత అంట్లు రెండుసార్లు తోమిస్తుంది, వెలుతురులో పెట్టి చూసి, జిడ్డు కనిపిస్తే మూడోసారి. క్యాంటీన్లో నేనిప్పుడు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.

మా ఆవిడ ఆదివారాలు ఫోను చేస్తుంది. అక్కయ్యతో అరగంట మాట్లాడుతుంది. నాతో కాలెలా ఉంది, మందు రాస్తున్నారా, అంతే. మొన్న మాత్రం ఇంకో మాట అంది.

"కోర్సు అయ్యాక ఇక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారండీ. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. మీరేమంటారు?"

నాలుక చివర 'భేషుగ్గా' ఉంది. పళ్ళ మధ్య నొక్కిపట్టాను.

"వద్దు," అన్నాను. "వచ్చెయ్. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు."

నేను రిసీవరు చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఈసారి నిజమో కాదో," అంది, "వదినగారికి ఇవ్వండి, అడుగుతాను."