గేటు పంపాపతి హౌస్‌ఫుల్ మ్యాచ్

ఆదివారం పొద్దున్నే మొగుడు నవ్వుకుంటా వంటింట్లోకి వచ్చినాడంటే ఏదో కొంప మునిగే యవ్వారం ఉండాదని ఏ ఆడమనిషికైనా తెలుస్తాది. సవితకు పెండ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది.

"ఏమ్మే, ఈ పొద్దు మీ తమ్ముణ్ణి అన్నానికి పిలుద్దామా?" అన్యాడు పంపాపతి, గొంతులో తేనె పోసుకోని.

సవిత చేతిలో గరిటె గాల్లోనే నిలబడిపోయింది. తమ్ముడు రాఘవేంద్ర ఈదిలోకి వస్తాండాడంటే పెరటి తలుపు తీసుకోని పారిపోయే మనిషి ఈ మనిషి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరమూ లేదు.

"ఏం సామీ, బాగుండావా?"

"నా బామ్మర్దికి నేను పెట్టుకోకూడదా ఏంది? ఉగ్గాని చెయ్యి. మిరపకాయ బజ్జీలు చెయ్యి. బుట్టెడు చెయ్యి. పాపం, వారమంతా వేబ్రిడ్జి కాడ లారీలు తూకమేసి అలిసిపోయింటాడు. కడుపు పగిలేటట్ల తిని, ఆ సోఫా మీద పండుకోని, సాయంత్రం దాకా లేయకూడదు."

"ఎందుకు లేయకూడదు?"

"ఊరికే... ఆరోగ్యానికి మంచిది."

సవిత శనగపిండి డబ్బా దించింది. మొగుడు బామ్మర్ది ఆరోగ్యం గురించి మాట్లాడినాడంటే సంగతి దానంతట అదే బయటికి వస్తాది, తొందరేముందిలే అనుకుంది.

సంగతి మీకు మాత్రం చెప్తా, వినండప్పా. యశ్వంతనగర్ మైనింగ్ బాయ్స్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బుండాది. జిల్లా లీగులో అన్నిటికన్నా కింది డివిజన్. ఇంగా కిందికి దిగాలంటే గని తవ్వుకోని పోవాల్సిందే.

జెర్సీ తెలుపు. అది కాగితం మీద. ఆట మొదలైన కాసేపటికే రెండు టీములూ ఎర్రదుమ్ములో మునిగి ఒకటే రంగుకు వస్తారు. ఎవరికి ఫౌలు ఇవ్వాలో తెలీక రెఫరీ ఇద్దర్నీ తిడతాడు. గోల్‌కీపర్‌ను ఊరంతా జల్లెడ శివు అంటారు, ఎందుకని మీరు అడగరులే. ఈ మహా సంస్థకు సెక్రెటరీ, గేటు కాడ టికెట్లు చింపేవాడు, సున్నం గీతలు గీసేవాడు, అంతా పంపాపతి ఒక్కడే. అందుకే ఆయప్పను గేటు పంపాపతి అంటారు.

పోయినేడు మీటింగులో బల్ల గుద్ది చెప్పినోడు ఈ పంపాపతే. "మన మ్యాచ్‌లు ఫోన్లో లైవ్ చూపిద్దాం! ఒక్కసారి చూసినారంటే జనం గేటు విరగ్గొట్టుకోని వస్తారు!" అందరూ చప్పట్లు కొట్టినారు. క్లబ్బు ఫోను ఒకటి కొని, మూడు కాళ్ళ స్టాండుకు తగిలించి, రాఘవేంద్రకు అప్పజెప్పినారు.

జనం చూసినారప్పా. కాదని ఎవరన్యారు? ఫ్యాను కింద, లుంగీ మోకాళ్ళ పైకి ఎత్తుకోని, టీ తాగుతా చూసినారు. గేటు మాత్రం విరగలా, తుప్పు పట్టింది. లైవ్ పెట్టకముందు ఆదివారం వస్తే గ్యాలరీ మెట్ల మీద కాలు పెట్టేకి సందుండేది కాదు. ఇప్పుడు ఆడ మేకలు ఎండ కాచుకుంటాండాయి. అవి టికెట్ కొనవు.

ఆ గ్రౌండు క్లబ్బు ప్రెసిడెంట్ గాదిలింగప్ప సొంతం. ఆయప్ప సోమవారమే తేల్చి చెప్పేసినాడు. "ఆదివారం మ్యాచ్‌కు టికెట్ పుస్తకం అయిపోవాల. లేదంటే గ్రౌండు ఎగ్జిబిషన్ వాళ్ళకు ఇచ్చేస్తా. జెయింట్ వీల్ పెడ్తారంట. సాకప్పా సాకు, ఇంగ చాలు మీ ఫుట్‌బాల్‌తో!" లైవ్ ఆపేద్దామా అంటే, "నువ్వే పెట్టిస్తివి, నువ్వే తీయిస్తావా? ఊర్లో నవ్వుతారు" అని కసిరినాడు.

పంపాపతికి వారమంతా ముద్ద దిగలా. షిఫ్టు దిగిన పిల్లోళ్ళు చెప్పులు గట్టున విడిచి బాల్ తన్నేది ఆ గ్రౌండులోనే. అది పోతే వాళ్ళు యాడికి పోవాల? ఆ బాధకు ఏడ్చినాడు కూడా. బాత్రూంలో, కొళాయి పెద్దగా తిప్పుకోని.

అట్ల ఏడుస్తా ఏడుస్తా ఉంటే పుట్టింది ఈ బజ్జీల పథకం. రాఘవేంద్ర నిద్రపోతే లైవ్ ఉండదు. లైవ్ లేకుంటే జనం గేటు కాడికి పరిగెత్తుకోని వస్తారు. ఇంత తెలివి మైన్స్ ఇంజనీర్లకు గూడా ఉండదని తన భుజం తానే తట్టుకున్యాడు.

మధ్యాహ్నం రాఘవేంద్ర వచ్చినాడు, తిన్యాడు, సోఫా మీద వాలినాడు. పంపాపతి ఫ్యాను పెంచి, దుప్పటి కప్పి, జోలపాట ఒక్కటి తక్కువగా అన్ని మర్యాదలూ చేసి, టికెట్ పుస్తకం జేబులో పెట్టుకోని గ్రౌండుకు పోయినాడు.

గేటు కాడ పురుగు లేదు. మ్యాచ్ మొదలైంది. అప్పుడు కూడా పురుగు లేదు. తల ఎత్తి చూస్తే నీళ్ళ ట్యాంకు మీద మూడు కాళ్ళ స్టాండు. దాని మీద ఫోను. ఫోన్లో లైటు మినుకు మినుకుమంటాంది.

వెంటనే రాఘవేంద్రకు ఫోన్ చేసినాడు. "ఏమప్పా, లైవ్ వస్తాందా?"

"మస్తు వస్తాంది బావా! తినేకి వచ్చేముందే ఆన్ చేసి వచ్చినా. దానికే మూడు కాళ్ళుండాయి, మల్లా నా రెండు కాళ్ళెందుకు ఆడ?"

"ట్యాంకు నిచ్చెన యాడప్పా?"

"ఎవరన్నా ఎత్తకపోతారని మీ పెరట్లోనే పెట్టినా బావా."

వెనకాల జాతరలో మాదిరి గోల వినపడ్తాంది. పంపాపతి నిచ్చెన కోసం ఇంటికి ఉరికినాడు.

వాకిట్లో చెప్పుల గుట్ట. లోపల ఈది ఈదంతా ఉండాది. టీవీలో మైనింగ్ బాయ్స్ ఆడుతాండారు. ముందర చాప మీద పంపాపతి వాళ్ళమ్మ ఉచ్చెంగమ్మ కూర్చోని, "కణ్ణు కాణల్వా నింగె?" అని, కండ్లు కనపడవా నీకని రెఫరీని కన్నడలో దులుపుతాంది. ఆమె పక్కన కుర్చీలో, చేతిలో బజ్జీల ప్లేటుతో, సాక్షాత్తూ గాదిలింగప్ప.

"అన్నా! నువ్వు ఈడ?"

"గ్రౌండులో ఎండప్పా," అన్యాడు ప్రెసిడెంట్, నములుతా. "గేటు కాడ ఎంతమంది ఉండారు?"

"అందరూ ఈడే ఉంటే గేటు కాడ ఎవరుంటారన్నా!"

"అయితే రేపట్నుంచి జెయింట్ వీలే."

పంపాపతి పెండ్లాన్ని వంటింట్లోకి లాక్కపోయినాడు. "కొంప ముంచితివి కదే!"

"బుట్టెడు చెయ్యమన్యది ఎవరు?"

"మీ తమ్మునికి చెయ్యమంటి!"

"బుట్టెడు బజ్జీలు తినేకి వాడేం రాక్షసుడా? వాసనకు ఈదంతా వచ్చింది. వచ్చినోళ్ళను పొమ్మంటానా?"

"వాడు నిద్రపోవాల్సింది!" అని అరిచి, నోరు మూసుకున్యాడు. కానీ మాట దాటిపోయింది. ఇంగ చేసేదేం లేక అంతా కక్కేసినాడు.

సవిత చేతులు కొంగుకు తుడుచుకుంది. "వారమంతా కొళాయి కాడ ఏడిస్తివి. నాతో ఒక్క మాట చెప్పలేదు. నా తమ్మునికి మాత్రం బజ్జీలతో మత్తుమందు!" అని ఆయప్ప జేబులోంచి టికెట్ పుస్తకం లాక్కోని హాల్లోకి పోయింది. పోయి టీవీ ఆపేసింది.

సరిగ్గా మనోళ్ళకు పెనాల్టీ వచ్చిన క్షణంలోనే ఆపింది. ఇల్లు దద్దరిల్లింది.

"టికెట్ కొన్నోళ్ళకే టీవీ. టికెట్ చూపిచ్చినోళ్ళకే బజ్జీ," అంది సవిత.

"ఇంట్లో చూసేకి టికెట్ ఏందమ్మా?" అన్యాడెవడో.

"సరే అయితే, మీ ఇంటికి పోయి చూసుకో. ఆడ నీ పెండ్లాం బజ్జీలు వేస్తాదేమో అడుగు."

వాడే మొదటి టికెట్ కొన్యాడు. తర్వాత అందరూ మీద పడినారు. గాదిలింగప్ప కుర్చీలో కదల్లేదు. "నేను ప్రెసిడెంట్‌నమ్మా."

"ఆ సంగతి నూనెకు తెలీదన్నా," అని చేతిలో ప్లేటు వెనక్కి తీసుకుంది. ప్రెసిడెంట్ కూడా కొన్యాడు.

పెనాల్టీ కొట్టేలోపల పుస్తకం అయిపోయింది. ఖాళీ అట్ట గాదిలింగప్ప ఒళ్ళో పెట్టింది. "అన్నా, టికెట్లు అయిపోయినాయి. గ్రౌండు క్లబ్బుదే కదా?"

"గ్రౌండులో మనుషులు యాడమ్మా?"

"నువ్వు అడిగింది టికెట్లు. మనుషులను అడగలా."

ఈదంతా చూస్తాంది. మాట తప్పేకి లేదు, బజ్జీ వదిలేకి లేదు. "ఆయ్తు బిడమ్మా, సరేలే," అన్యాడు గాదిలింగప్ప. "గ్రౌండు మీదే. టీవీ పెట్టు ముందు!"

పంపాపతికి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. సంతోషంగా వాళ్ళమ్మ పక్కన కూర్చుందామని పోతే గడపలో సవిత చెయ్యి అడ్డం పెట్టింది.

"టికెట్?"

"ఇది నా ఇల్లే!"

"మా నాయన టికెట్ లేకుండా మ్యాచ్‌కు వచ్చినప్పుడు గేటు కాడ ఏమన్యావు? మామ అయితేనేం, రూలు రూలే అంటివి. ఆయన ఎండలో నిలబడి ఇంటికి పోయినాడు."

"ఒక్క టికెట్ ఇయ్యే!"

"హౌస్‌ఫుల్ అప్పా. మీ సెక్రెటరీని అడుగు."

లోపల ఈదంతా పడీ పడీ నవ్వింది. అందరికన్నా గట్టిగా ఉచ్చెంగమ్మ.

పంపాపతి తల వంచుకోని మల్లా గ్రౌండుకు పోయినాడు. మేకలను పక్కకు తోలి గ్యాలరీలో కూర్చున్యాడు. ఆఖరి నిమిషంలో జల్లెడ శివు ఎగిరి బాల్ పట్టినాడు. పుట్టినాక మొదటిసారి పట్టినాడు. పంపాపతి లేచి ఎగిరినాడు, అరిచినాడు, ఒక్కడే ఊరంత గోల చేసినాడు. గ్రౌండు ఉండాది, ఇంగేం కావాల!

జేబులో ఫోన్ మోగింది. సవిత.

"మే, ఫోన్ పెట్టు, నేను మ్యాచ్ చూస్తాండా!"

"మేం నిన్ను చూస్తాండాం. ట్యాంకు మీద కెమెరా నేరుగా నీ దిక్కే ఉండాది. లుంగీ సరిగ్గా కట్టుకో, అత్త మొగం దాచుకుంటాంది."

పంపాపతి గబగబా లుంగీ బిగించి, మెట్లు దిగి గేటు దిక్కు నడిచినాడు.

"యాడికి పోతాండావు? పోవద్దంటాండారు ఈడ," అంది సవిత.

"ఎవరు?"

"టికెట్ కొన్నోళ్ళు. నువ్వు లేచి పోతే గ్యాలరీ బోసిగా కనపడ్తాదంట. వచ్చే ఆదివారం కూడా నువ్వు ఆడనే ఉండాలంట."

పంపాపతి ట్యాంకు దిక్కు ఒకసారి చూసి, ఒక దండం పెట్టి, పోయి మల్లా కూర్చున్యాడు.