తూర్పుకు తిరిగిన కంప్యూటర్

ఒక పెద్ద అడవిలో దిక్కుకో ఆఫీసు, ఆఫీసుకో కంప్యూటర్ ఉండేవి. ఏటికి వెళ్ళి నీళ్ళు తాగాలంటే తమ దిక్కు కంప్యూటర్ ఇచ్చిన చీటీ ఉండాలి. లేనివాళ్ళను ఒడ్డున మొసలి ఆపేవాడు. మొసలి ఆపడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా.

ఆ ఏడు ఎండాకాలం సింహం గారికి గర్జన సరిగా రావడం మానేసింది. వాస్తు చూడమని గుడ్లగూబ సిద్ధాంతిని పిలిపించారు. పగలు కళ్ళు కనిపించని ఆ మహానుభావుడు తూర్పు ఆఫీసంతా తడిమి, "కంప్యూటర్ దక్షిణం చూస్తోంది ప్రభూ! గొంతు పోక ఏమవుతుంది? తూర్పుకు తిప్పించండి" అన్నాడు.

తిప్పించారు. తీగ అందక ప్లగ్గు గోడలోంచి ఊడి కింద పడింది. కంప్యూటర్ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే చెంగలి అనే దుప్పి వచ్చింది. తూర్పు పొదల్లో ఆమె మడుగు ఎండిపోయింది.

"చీటీ ఇప్పించండి బాబూ. పిల్ల నాలుక బయటపెట్టి పడుకుంది."

"కంప్యూటర్ లేవడం లేదమ్మా" అన్నాడు ఆఫీసరు నక్క.

"ప్లగ్గు ఊడింది కదండీ, అదిగో!"

ప్లగ్గు అందరికీ కనిపిస్తూనే ఉంది. కానీ అది గోడకు అందాలంటే కంప్యూటర్‌ను మళ్ళీ దక్షిణానికి తిప్పాలి. తిప్పినవాడు రాజుగారి గొంతు మీద కుట్ర చేసినట్టే.

"ఇది టెక్నికల్ వ్యవహారం, నీకు తెలీదు" అని నక్క మెకానిక్ కోతిని పిలిచాడు. కోతి మూత విప్పి, లోపల ఉఫ్ఫని ఊది, "దుమ్మండీ" అన్నాడు. గుమాస్తా ఎలుగుబంటి "వోల్టేజీ" అన్నాడు. ఇద్దరూ ప్లగ్గును తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ తిరిగారు.

"పోనీ, పొడుగు తీగ తెప్పించరాదా?" అంది చెంగలి.

"దానికి ఇండెంటు కంప్యూటర్‌లోనే పెట్టాలి తల్లీ" అన్నాడు ఎలుగుబంటి. వాడికి నిజంగానే జాలేసింది.

ఈ గోల రాజుగారి చెవిన పడేలోపే నక్క ఒక ఎత్తు వేశాడు. కంప్యూటర్ తెర మీద సున్నంతో ఉదయించే సూర్యుడి బొమ్మ వేయించి, "వాస్తు ఫలించింది! కంప్యూటర్ మునుపటికన్నా జోరుగా నడుస్తోంది" అని దండోరా కొట్టించాడు. సింహం గారు పొంగిపోయి నక్కకు శాలువా కప్పారు.

ఆ సంబరంలో ఆయనకు దాహం వేసింది. ఏటికి వెళితే మొసలి అడ్డం పడుకున్నాడు.

"చీటీ?"

"నేనురా, రాజును!"

"తమరు పెట్టిన నియమమే ప్రభూ. కంప్యూటర్ జోరుగా నడుస్తోందటగా, చీటీ తేవడం తమకెంతసేపు?"

సింహం గారు గర్జించబోయారు. పిల్లి కూత వచ్చింది. తిన్నగా ఆఫీసుకొచ్చి నక్క మెడ పట్టుకున్నారు. "సాయంత్రంలోగా చీటీ రాకపోతే రాత్రికి నా భోజనం నువ్వే!"

నక్కకు ముచ్చెమటలు పోశాయి. కంప్యూటర్ దక్షిణానికి తిరగాలి, తిరిగినట్టు ఉండకూడదు. చివరికి ఒక ఉత్తర్వు రాశాడు: "నేటి నుంచి దక్షిణమే తూర్పు." గుడ్లగూబ అది శాస్త్రసమ్మతమే అన్నాడు. కంప్యూటర్‌ను తిప్పారు, ప్లగ్గు పెట్టారు, బుయ్‌మని లేచింది. మొదటి చీటీ సింహం గారు పట్టుకుపోయారు.

చెంగలి ప్రాణం లేచొచ్చి ముందుకు ఉరికింది.

"మీ పొదలెక్కడ?" అన్నాడు నక్క.

"తూర్పునండీ."

"పాత తూర్పా? అది ఇప్పుడు ఉత్తరం. ఉత్తరం ఆఫీసుకు వెళ్ళమ్మా."

చెంగలికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పిల్ల దాహానికి ఆ నీళ్ళు పనికిరావు.

"అక్కడైనా కంప్యూటర్ నడుస్తోందా బాబూ?"

"నడవకేం! ఇక్కడ వాస్తు అంత బాగా ఫలించింది కదా, దండోరా కాగానే దాన్ని కూడా తూర్పుకు తిప్పించాం" అన్నాడు నక్క, శాలువా సర్దుకుంటూ.

నీతి: కంప్యూటర్‌ను వెనక్కి తిప్పితే ఉద్యోగం పోతుంది, దిక్కులు మారిస్తే ప్రమోషన్ వస్తుంది.