హానోవర్ సంతలో అరటికాయల బేరం

శనివారం పొద్దున అరటికాయ బజ్జీలు వేయాలనుకుంది రత్నకుమారి. హానోవర్‌లో వాళ్ళ వీధి చివర జరిగే సంతలో నీమా అనే టాంజానియా ఆవిడ కొత్తగా అరటికాయల దుకాణం పెట్టిందని విని, భర్త రవీంద్రనాథ్‌ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

రత్నకుమారి పెరిగింది టాంజానియాలోని మోషీలోనే. వాళ్ళ నాన్న అక్కడ చక్కెర మిల్లులో ఇంజనీరు. కొండ ఊళ్ళ నుంచి దిగే అరటిగెలలు, ఎండుచేపల వాసన, అరుగుల మీద కుట్టుమిషన్ల చప్పుడు, అన్నిటినీ మించి ఆడవాళ్ళ బేరాలు, అదీ మోషీ సంత. అక్కడ అరవకుండా కొంటే అమ్మేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

దుకాణంలో నీమా ధర చెప్పగానే రత్నకుమారి నోటికి స్వాహిలీ దానంతటదే వచ్చేసింది.

"పుంగుజా!" అంది, తగ్గించమని.

నీమా కళ్ళు మెరిశాయి. గుండె మీద చెయ్యేసుకుని, ధర తగ్గిస్తే తన పిల్లలు పస్తులుండాలని గావుకేక పెట్టింది. రత్నకుమారి గెలను అవతలికి తోసేసి అంతకంటే గట్టిగా అరిచింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

"మెల్లగా రత్నా, ఇది జర్మనీ!" అన్నాడు రవీంద్రనాథ్.

"వచ్చినప్పట్నుంచీ మెల్లగానే మాట్లాడుతున్నా. ఇవాళ్టికి వదిలేయండి."

పక్కన బంగాళాదుంపలు ఏరుకుంటున్న జర్మన్ ముసలావిడ, ఏమవుతోందని అతణ్ణి అడిగింది. బేరమాడుతోందని చెప్పబోయి, కంగారులో 'ఫెర్‌హాండెల్న్' బదులు 'మిస్‌హాండెల్న్' అన్నాడు. అంటే హింస పెడుతోందని. ఆవిడ వెంటనే పోలీసులకు ఫోను చేసింది.

పోలీసాయన వచ్చాడు. "గొడవ ఆపకపోతే దుకాణం మూయిస్తాను" అన్నాడు.

నీమా మొహం వాడిపోయింది. కాయలు సర్దుకోబోయింది. రత్నకుమారి వెళ్ళి అరటికాయల పెట్టె మీద కూర్చుంది.

"ఇది గొడవ కాదు, బేరం. మూయిస్తే నన్నూ ఈ పెట్టెతోపాటు మోసుకెళ్ళండి" అంది జర్మన్‌లో.

"రత్నా, నా ఉద్యోగ వీసా, ఆ బ్లూ కార్డ్..." అని గొణిగాడు రవీంద్రనాథ్.

"కార్డ్ మీది. బేరం నాది."

పోలీసాయన తల గోక్కున్నాడు. "బేరానికి ఇంత అరుపెందుకు?"

"మీరూ బేరమాడి చూడండి, తెలుస్తుంది" అంది నీమా, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని.

అతను అటూ ఇటూ చూసి, "కాస్త తగ్గిస్తారా?" అన్నాడు.

"గట్టిగా! 'పుంగుజా' అనండి!" అన్నారు ఆడవాళ్ళిద్దరూ.

"పుంగుజా!" అని అరిచాడు పోలీసాయన. చుట్టూ మూగిన జనం చప్పట్లు కొట్టారు. ముసలావిడ అతణ్ణి పక్కకు నెట్టి, బల్ల మీద గుద్ది మరీ బేరం మొదలుపెట్టింది. రత్నకుమారి బేరమాడిన గెలనే, ఆమె అడిగిన ధర కంటే తక్కువకు చేజిక్కించుకుంది. వెనకున్నవాళ్ళంతా గొంతులు సవరించుకున్నారు.

ఈసారి పోలీసులకు ఫోను చేసే తీరిక ఎవరికీ లేకపోయింది.