డాబా మీద రేడియో గుంజ

మా ఆవిడ రాజులమ్మ తెలివెంతో మీకు తెలియాలంటే ముందు నా తెలివెంతో చెప్పాలి. మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి.

అప్పట్లో అరకులో కాఫీ తోటల ఆఫీసులో గుమాస్తాని. మేముండేది పాతకాలం సున్నపు గచ్చు డాబా ఇల్లు. ఆ కొండల మధ్య విశాఖపట్నం రేడియో పలకాలంటే ఏరియల్ ఎత్తుగా ఉండాలి. అందుకని గునపంతో డాబా గచ్చు తవ్వి ఒక పొడుగాటి వెదురు గుంజ పాతాను. రేడియో ఖంగున పలికింది.

చిక్కల్లా మా ఆవిడ పసుపుతోనే. ఉడకబెట్టిన కొమ్ముల్ని ఏటా డాబా మీద ఆరబెట్టి సంతలో అమ్మేది. కింద ఆరబెడితే మేకలూ కోళ్లూ బతకనివ్వవు. ఆవిడ కొమ్ములు తిరగేసినప్పుడల్లా గుంజకి చెయ్యి తగిలేది. వార్తలు చదివే ఆయనకి వెంటనే జలుబు చేసేది.

ఆ వేసవిలో జల్లులు పడేసరికి డాబా కారి మా మంచం తడిసింది. నాకు మంచి అదను దొరికింది.

"నీ పసుపు బరువుకే గచ్చు పగిలింది. ఇక డాబా ఎక్కకు" అన్నాను.

"నా పసుపు బరువేటండీ? రోజూ పైకెక్కి ఏరియల్ తిప్పుతారు, మీరేటి దూదా?"

"వాదనొద్దు. నేను బాగుచేస్తాను. కారడం ఆగితే నీ పసుపు కిందికి దిగాలి."

"ఆగకపోతే?"

"నా గుంజ దిగుతుంది."

"సరే, మాటంటే మాటే" అంది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో అప్పుడే ఆలోచించాల్సింది.

మా పక్కింటాయన్ని ఊరంతా సలహాల సింహాచలం అంటారు. బొర్రా గుహల్లో నీళ్లు కారుతున్నాయంటే అక్కడికీ ఒక సలహా పంపే మనిషి. "తారు పూసీ బాబూ, సముద్రం వచ్చి మీద పడ్డా సుక్క దిగదు" అని, రోడ్డు పనిలో మిగిలిన తారు డబ్బా ఒకటి ఇప్పించాడు.

ఆదివారం పొద్దున్నే పసుపు దింపించి, తారు కాచి, మెట్ల దగ్గర మొదలుపెట్టి నున్నగా పూసుకుంటూ పోయాను. గుంజ దాకా వచ్చి వెనక్కి చూద్దును కదా, నాకూ మెట్లకీ మధ్య అంతా తారే! నేను నిలబడ్డ చోటొక్కటే మిగిలింది. ఒక అడుగు వేశాను. కాలు తిరిగొచ్చింది గానీ చెప్పు రాలేదు.

గుంజ కావలించుకుని నిలబడ్డాను.

"ఏటి సేత్తన్నారక్కడ?" అంది కింద నుంచి.

"గాలి పీలుస్తున్నాను."

"పీల్చండి. అన్నం సల్లారిపోతంది."

"రాజులూ, దిగలేకపోతున్నానే!"

గోనెసంచులు పరిచి దారి వేసింది. ఒక్కసారీ నవ్వలేదు. నవ్వేసినా బాగుండేది.

మర్నాడు మళ్లీ వాన. మళ్లీ మంచం మీదే ధార, ఈసారి ఇంకాస్త లావుగా.

"ఇదీ నీ పసుపు పనే" అన్నాను గొడుగు కింద నుంచి.

వాన వెలిశాక ఆవిడ నన్ను మంచం పక్కన నిలబెట్టి, నీళ్ల బిందెలు పట్టుకుని పైకెళ్లింది.

"పసుపు ఆరబెట్టే కాడ పోత్తన్నాను. కారతందా?"

"లేదు."

"తూము కాడ?"

"లేదు."

"ఇప్పుడో?"

ముక్కు మీద చల్లగా పడింది. తుడుచుకుని చూస్తే చెయ్యి పచ్చన, చొక్కా పచ్చన.

"చూశావా! నీ పసుపే కారుతోంది!" అని గంతేశాను.

"ఔనండి. పసుపు కలిపి మీ గుంజ మొదట్లో పోసేను."

గచ్చుకి గునపం పెట్టింది నేను. తారు పడని చోటు నేను నిలబడ్డ చోటు.

"నీకు ముందే తెలుసా?"

"గునపం అట్టుకెల్లిన రోజే తెలుసు. సెబితే ఇంటారేటి? తారులో దిగబడితే గానీ మీకు మాట ఎక్కదు."

పాతకాలం గచ్చు వేసినట్టే సంతలో కరక్కాయలు కొనుక్కొచ్చి, నానబెట్టిన నీళ్లలో బెల్లమూ సున్నమూ కలిపి, గుంజ పీకిన గుంత పూడ్చి, చెక్క పలకతో కొడుతూ కూర్చుంది. చెయ్యి నొప్పెట్టినా ఆపలేదు. చూస్తూ నిలబడ్డాను. ఇలాంటి మనిషి నాకెలా దొరికిందా అని నిజంగా గర్వం వేసింది.

వానాకాలమంతా చుక్క కారలేదు. గుంజని కూడా ఆవిడే పెరట్లో పనస చెట్టుకి ఎత్తుగా కట్టించింది. రేడియో ఇదివరకటికన్నా బాగా పలికింది. ఓడిపోవడం కన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

సింహాచలం వచ్చి, "సూసేవా, నా తారు మహిమ!" అన్నాడు. రాజులమ్మ నా చొక్కా మీది పచ్చ మరక కేసి చూసింది.

పసుపు మరక ఎంత ఉతికినా పోదు గానీ, ఎండలో ఆరేస్తే పోతుంది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. అందుకే బట్టలన్నీ డాబా మీద ఎండలో వేసి, ఆ చొక్కా ఒక్కటీ నీడలో ఆరేస్తుంది.