పుట్టనివాళ్ల ఆటస్థలం

1949 వానాకాలంలో ఇబ్రహీంపట్నం ప్రజలకు వినోదం చాలడం లేదని సర్కారు కనిపెట్టింది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది, సాయంత్రాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నవాడు ఎర్రజెండా సంఘంలో చేరతాడని, ఆడుకునేవాడు చేరడని పైవారి అభిప్రాయం. రాబోయే పాతికేళ్ల ఆటల అవసరాన్ని అంచనా కట్టి మైదానం ఏర్పాటు చేయడానికి మద్రాసు వైపు నుంచి ఒక అధికారి దిగాడు.

మైదానానికి చదును నేల కావాలి. చదునుగా ఉన్నది బుగ్గయ్య చెలక, రెండెకరాలు. సంఘం దొర భూములు పంచిననాడు దాన్నిండా రాళ్లే. బుగ్గయ్య, ఆయన భార్య సుక్కమ్మ ఏడాదంతా ఏరి గట్టు మీద పోశారు. ఈ ఏడు జొన్న మోకాలెత్తు నిలిచింది. రాళ్లు ఏరకుంటే భూమి దక్కేదని బుగ్గయ్యకు ఆలస్యంగా తెలిసింది.

సంఘం భయానికి హైదరాబాదు పారిపోయి, మిలిటరీ వెనకాల తిరిగొచ్చిన దొర ఆ చెలకను సభలో ప్రజలకు దానం చేశాడు. చప్పట్లు మోగాయి. కొట్టనివాళ్ల పేర్లు పోలీసు పటేలు రాసుకున్నాడు.

తర్వాత అంచనా మొదలైంది. జీపు వచ్చిన ఊళ్లో మగవాళ్లను సంఘపోళ్లని పట్టి లారీ ఎక్కించడం అప్పటి ఆచారం. అందుకని అధికారి జీపు చప్పుడు వినగానే మగవాళ్లు కంచెలు దూకి గుట్టల్లోకి ఉరికారు. ఆయన జీపు దిగకుండానే రాసుకున్నాడు: పరుగుపందెంలో ఆసక్తి గలవారు మూడు వందల నలభై, ఎత్తు దూకేవారు నూట పది, దాగుడుమూతలు, ఊరంతా. ఆడవాళ్లు కదలకుండా నిలబడినందున వారికి ఆటల మీద ఇష్టం లేదని తేలింది.

బుగ్గయ్య ఉరకలేదు. కొలత గొలుసు పట్టుకొచ్చిన సర్వేయరు లాల్ మహమ్మద్‌కు ఎదురు నిలబడ్డాడు.

"లాల్ భాయ్, జొన్న కోసేదాంక జర ఆగరాదే."

"నేను ఆగుత బుగ్గన్నా, కాగితం ఆగదు. నీ చెలక కాగితంల ఎప్పుడో మైదానమైంది. మైదానంల జొన్న ఏసినవని కేసు కాకముందే పీక్కపో."

"ఇంక కంకి గూడ ఎయ్యలె. పీకి ఏం జెయ్యాలె?"

"గది నన్నడుగుతవేందే?"

ప్రారంభ సభలో అధికారి మాట్లాడాడు. "మహాజనులారా, 1974 నాటికి ఇక్కడ రెండు వేల మంది క్రీడాకారులు ఉంటారు. వారింకా పుట్టలేదు. నోరులేని వారి హక్కును కాపాడటం మన ధర్మం."

వెనక వరసలోంచి సుక్కమ్మ లేచింది. "పుట్టనోళ్లు ఆడతరంటున్నవ్ సారూ. తినరా?"

అధికారి ఆలోచించాడు. తిండి వేరే శాఖ చూస్తుందని చెప్పి, వక్తృత్వ పోటీల్లో ఆసక్తి గల స్త్రీ ఒకరు అని రాసుకున్నాడు.

రోలరు లాగడానికి పదిమందిని పట్టుకొచ్చారు. నేల సంగతి తెలిసినవాడని బుగ్గయ్యను ముందు నిలబెట్టారు. పొద్దుగూకేలోపు జొన్న నేలలో కలిసింది. మర్నాడు మొగుడూ పెళ్లాలు కూలి వెతుక్కుంటూ కందుకూరు దారి పట్టారు.

అధికారి అంచనా తప్పలేదు. ఆయన చెప్పిన క్రీడాకారులు చెప్పిన కాలానికి పుట్టారు, ఆడారు, చదువుకున్నారు, ఇప్పుడీ కథ చదువుతున్నారు. దొరన్నా మిలిటరీ అన్నా వాళ్లకు అసహ్యమే. బుగ్గయ్య వారసులెవరైనా వచ్చి ఆ రెండెకరాలు అడిగితే మాత్రం, మరి మా పిల్లలు ఎక్కడ ఆడుకోవాలని మర్యాదగా అడుగుతారు.